చంపాడా, చంపించారా?

నిన్న నల్లగొండ గడియారం చౌరస్తాలో టీ తాగుతుంటే పక్కన ఇద్దరు ఇంటర్ పిల్లలు ఆ పాత ప్రశ్నే తవ్వుకుంటున్నారు: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? 2015 జూలైలో మొదటి భాగం వచ్చింది. జవాబు 2017 ఏప్రిల్‌లో గానీ రాలేదు. ఈ మధ్యలో ఎన్ని ఊహాగానాలు! పగ అన్నారు, ప్రలోభం అన్నారు, బాహుబలే చంపమని కోరాడన్నారు, అసలు బాహుబలి చావనే లేదన్నారు.

నాకు తోచేది ఒకటే. జనం 'ఎందుకు' వెంట పడ్డారు, 'చంపాడు'ను ఎవరూ పట్టించుకోలేదు. చచ్చు, చంపు, చంపించు: మనకు మూడు మెట్లున్నాయి. ప్రశ్నను రెండో మెట్టు మీద అడిగారు, జవాబేమో మూడో మెట్టు మీద ఉంది. ఆజ్ఞ శివగామిది. కట్టప్ప సింహాసనానికి మాటిచ్చిన బానిస, అతని మనసులో కారణాలు వెతకడమే దండగ. 'ఎవరు చంపించారు' అని అడిగి ఉంటే రెండో భాగం దాకా ఆగనక్కరలేకపోయేదేమో.

మహబూబ్‌నగర్ నుంచి ఒకరు: మా తాతగారు ఉర్దూ మాధ్యమంలో చదివారు. ఇది వినగానే 'మర్నా, మార్నా, మర్వానా' అని వేళ్లు మడిచి చూపించారు. అక్కడా మూడు మెట్లే. కాకపోతే హిందీలో 'క్యోం మారా' అంటే ఎందుకు కొట్టాడనీ అవుతుంది, ఎందుకు చంపాడనీ అవుతుంది.

మిర్యాలగూడ మేడమ్: మూడు మెట్లు చాలవు సార్. శివగామిని నమ్మించి ఆ ఆజ్ఞ ఇప్పించింది భల్లాలదేవుడు, బిజ్జలదేవుడు. మరి వాళ్లు చేసిన పనికి క్రియ ఏది?

మేడమ్, 'చంపింపజేశారు' అనాలి. వ్యాకరణం ఒప్పుకుంటుంది, నోరు ఒప్పుకోదు. అందుకే మన భాషలో కుట్రదారులు సులువుగా తప్పించుకుంటారు! పత్రికల వాళ్లు కూడా 'సుపారీ ఇచ్చి చంపించాడు' దగ్గరే ఆగిపోతారు, ఆ సుపారీ ఇప్పించినవాడికి క్రియ దొరకదు.

దేవరకొండ మిత్రుడు: అన్నా, నాదొక సందేహం. 'శివగామి కట్టప్ప చేత చంపించింది' అని రాయాలా, 'కట్టప్పతో చంపించింది' అనా? మా ఇంట్లో అందరూ 'తో' అనే అంటారు.

రెండూ వాడుకలో ఉన్నవే తమ్ముడూ. 'మేస్త్రీతో గోడ కట్టించాం' అనమా? రాసేటప్పుడు మాత్రం నేను 'చేత' వైపే మొగ్గుతాను.

మిర్యాలగూడ మేడమ్: నేనూ అంతే. 'బాహుబలిని కట్టప్పతో చంపించింది' అంటే ఇద్దరూ ఒకేసారి పోయినట్టు వినిపిస్తోంది నాకు.

దేవరకొండ మిత్రుడు: ఈ ఊహ 2016లో ఎవరికీ తట్టలేదు మేడమ్!