పారడాక్స్ ప్రశ్నల్లో చివరి రెండు ఆప్షన్ల దగ్గర ఆగిపోతున్నా

కావలి_క్లాట్: క్లాట్‌కి (నేషనల్ లా యూనివర్సిటీల ఎంట్రన్స్) చదువుతున్నా. మిగతా రీజనింగ్ పర్లేదు, పారడాక్స్ వస్తేనే టెన్షన్. అంటే పొసగనట్టు కనపడే రెండు మాటలిచ్చి, ఆ చిక్కు విప్పే ఆప్షన్ పెట్టమంటారు. నిన్నటి మాక్ టెస్ట్‌లోది చూడండి. రైతు పోయినేడు కంటే ఎక్కువ కిలోల రొయ్యలు అమ్మాడు. ఏ కౌంట్‌కూ (కిలోకి తూగే రొయ్యల సంఖ్య) రేటు తగ్గలేదు. అయినా అమ్మకం డబ్బు తగ్గింది. ఆన్సర్ కీలో 'పోయినేడు 40 కౌంట్, ఈసారి ఎక్కువ భాగం 100 కౌంట్' అని ఇచ్చారు. 'మేత ధర పెరిగింది' ఎందుకు కాదు?

ఒంగోలు_రీజనింగ్: పది సెకన్ల ప్రశ్న. అమ్మకం డబ్బు అడిగితే ఖర్చు చెప్తారేంటి? మేత మిగులును తింటుంది, అమ్మకాన్ని కాదు. నా దగ్గర చదివిన పిల్లలు హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలో ఉన్నారు.

చెరువుగట్టు: సార్ ఎప్పుడైనా రొయ్యల గుంట గట్టెక్కారా? మేత రేటు పెరిగితే రైతు మేత తగ్గిస్తాడు. రొయ్య ఎదగదు. 100 కౌంట్‌కే పట్టేస్తాడు. మా ఇందుకూరుపేట వైపు వచ్చి చూడండి.

ఒంగోలు_రీజనింగ్: ఆ మూడు మెట్లూ మీరు కట్టినవి, ఆప్షన్లో లేవు. సరైన ఆప్షన్‌కి మన సాయం అక్కర్లేదు.

చెరువుగట్టు: మరి 100 కౌంట్ రేటు తక్కువని ఆప్షన్లో ఉందా? కిలోకి వంద తూగేది చిన్న రొయ్యని ఎన్నడూ గుంట చూడని పిల్లకి ఎట్లా తెలుస్తుంది? అది మీ సాయం కాదా?

పొదిలి_పిల్ల: నేనూ ఆ మాక్ రాశాను. 'రొయ్య చిన్నదయ్యే కొద్దీ రేటు తక్కువ' అని పాసేజ్ మొదట్లోనే ఉంది.

కావలి_క్లాట్: అవును, టైపు చేసే ఓపిక లేక వదిలేశా.

చెరువుగట్టు: ఇంతసేపు కొట్టుకున్నాక చెప్తావా అబ్బయ్యా!

లాసెట్_చాలు: క్లాట్ ఎందుకు, రాష్ట్ర లా ఎంట్రన్స్ లాసెట్ రాసుకోండి. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, నెగెటివ్ లేదు. ఈ రొయ్యల గోల ఉండదు.

పొదిలి_పిల్ల: అందరూ లాసెట్టే రాయాలని రూలుందా? నా బాధ వేరే, ఎక్సెప్ట్ ప్రశ్నలు. మూడు ఆప్షన్లు చిక్కు విప్పుతాయి, విప్పనిదాన్ని పెట్టాలి. హడావుడిలో విప్పేది కనపడగానే చెయ్యి దానిమీదకే పోతుంది, పావు మార్కు కూడా పోతుంది. ఇప్పుడు ప్రాక్టీసుకి మా వైపు సంగతులతో నేనే తయారు చేసుకుంటున్నా. ఊళ్లో శుద్ధి చేసిన నీళ్ల ప్లాంట్ పెట్టారు, అందరూ ఆ నీళ్లే తాగుతున్నారు, అయినా ఫ్లోరోసిస్‌తో బాధపడేవాళ్లు తగ్గలేదు. వంటకి ఇంకా బోరు నీళ్లే అంటే విప్పుతుంది. ముందే వంగిన ఎముకలు నీళ్లు మారితే సరికావు, అదీ విప్పుతుంది. పక్క ఊరి బాధితులు ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు, అదీ అంతే. ప్లాంట్ నీళ్లు రుచిగా ఉంటాయి, ఇది విప్పదు. 'జనం ఆ నీళ్లు తాగడం లేదు' అని ఇస్తే మాత్రం మోసపోకండి. అది ఇచ్చిన మాటనే కొట్టేస్తుంది. రెండు మాటలూ నిలబడాలి.

డాలస్_ఆత్మకూరు: ఇది బాగుంది. ఇక్కడ అమెరికాలో లా ఎంట్రన్స్ ఎల్‌శాట్‌లో 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ (పజిల్ ప్రశ్నలు) తీసేశారు. మార్కులకి లెక్కించే సెక్షన్లు మూడైతే రెండు లాజికల్ రీజనింగే, ఒక్కోటి 35 నిమిషాలు. ఆప్షన్లు ఐదు. 'ఇవి నిజమైతే' అని ప్రశ్నలోనే అంటారు, కాబట్టి బయట అలా జరుగుతుందా అని వాదించకూడదు.

ఒంగోలు_రీజనింగ్: మొదట్నుంచీ నేను చెప్తున్నది అదే.

చెరువుగట్టు: మీరు చెప్పింది నల్సార్ పిల్లల గురించి. పొదిలి చెల్లెమ్మా, మా తమ్ముడికి చూపిస్తా, ఆ నీళ్ల ప్లాంట్ లాంటివి ఇంకో రెండు పెట్టమ్మా.