ఐస్‌మేకర్‌లో బోలు ముక్కలు, వాటర్ దారంలా వస్తోంది. వాల్వ్ మార్చాల్సిందేనా?

నిజాంపేట_కోడలు:

నమస్తే అండి. మా మరిది కెనడా వెళ్లిపోతూ తన సైడ్ బై సైడ్ ఫ్రిజ్ మాకిచ్చేశాడు. తలుపులోంచే ఐస్, చల్లటి నీళ్లు వచ్చే రకం. ఊరికే వచ్చిందని సంబరపడ్డాం. రెండు నెలలుగా దానికి సేవలు చేస్తున్నాం.

మాది మొదటి అంతస్తు, బిల్డింగ్ మొత్తం ఐదు. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, మిగతాదంతా బోరే. మీటర్ పెట్టి చూస్తే బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 780. ప్లంబర్ మొదట కిచెన్ కుళాయి లైన్‌లోంచే ఫ్రిజ్‌కి పైపు లాగాడు. ఐస్ బాగానే పడింది. కానీ మజ్జిగలో వేస్తే ముక్క కరిగాక తెల్లటి పొట్టులాంటిది తేలేది. మా అత్తయ్య గ్లాసు వెలుతురుకి ఎత్తి పట్టుకుని "ఇదేంటమ్మా, సున్నం కలిపిచ్చావా?" అన్నారు. ఆ మాటతో ప్లంబర్‌ని మళ్లీ పిలిచి, ఆర్‌వో ట్యాంకు నుంచి ఫ్రిజ్‌కి కనెక్షన్ ఇప్పించాను.

పొట్టు పోయింది కానీ కొత్త తిప్పలు మొదలయ్యాయి. ఐస్ ముక్కలు సగమే తయారవుతున్నాయి, మధ్యలో బోలు. రెండు రోజులు వాడకపోతే బిన్‌లో అంతా ఒకే గడ్డ. మీట నొక్కితే లోపల కరకరమని తిరుగుతుంది తప్ప ముక్క రాదు. నీళ్లేమో దారంలా వస్తున్నాయి. వచ్చి చూసిన సర్వీస్ అబ్బాయి ఇన్‌లెట్ వాల్వ్ (ఫ్రిజ్‌లోకి నీళ్లు వదిలేది), ఫిల్టర్ రెండూ మార్చాలి, 6,500 అవుతుంది అన్నాడు. మార్చమంటారా?

ట్రే_చాలు:

మా ఇంట్లో ప్లాస్టిక్ ట్రే ఉంది. వాల్వ్ లేదు, ఫిల్టర్ లేదు, సర్వీస్ అబ్బాయి లేడు. ఎవరో ఒకరు ఖాళీ ట్రే మళ్లీ లోపల పెట్టేస్తారు, మా తిప్పలల్లా అదొక్కటే.

పాత_మెకానిక్:

మేడం, డబ్బులు ఇవ్వకండి, ఆగండి. పందొమ్మిదేళ్లుగా ఫ్రిజ్‌లు విప్పుతున్నాను. మీరు చెప్పినదాన్ని బట్టి తప్పు ఫ్రిజ్‌ది కాదు, నీళ్ల ప్రెజర్‌ది.

ఐస్‌మేకర్ అచ్చులో నీళ్లు ఎంత ఎత్తు నిండాయో చూసుకోదు. దానికి తెలిసిందల్లా వాల్వ్‌ని కొన్ని సెకన్లు తెరిచి మూసేయడమే. ఆ కాసేపట్లో ఎన్ని వస్తే అన్నే. ధార సన్నగా ఉంటే అచ్చు సగమే నిండుతుంది. అంచులు ముందు గడ్డకట్టి, మధ్యలో బోలు మిగులుతుంది.

గడ్డ సంగతి కూడా అక్కడే ఉంది. ఈ వాల్వ్ బిగుతుగా మూసుకోవడానికి వెనకనుంచి నీళ్ల ఒత్తిడే సాయం చేస్తుంది. ఒత్తిడి చాలకపోతే మూసుకున్నాక కూడా బొట్టుబొట్టుగా కారుతూనే ఉంటుంది. ఆ బొట్లు బిన్‌లో పడి ముక్కల్ని అతికించేస్తాయి. కొత్త వాల్వ్ వేసినా ఇదే కథ.

చాలా కంపెనీల మాన్యువల్‌లో కనీసం 20 పీఎస్‌ఐ (నీళ్ల ఒత్తిడి కొలత) కావాలని రాసి ఉంటుంది. నీళ్లు మీటరు ఎత్తు నుంచి దిగితే వచ్చేది సుమారు 1.4 పీఎస్‌ఐ. మీ మేడ మీద ట్యాంకు మీకు పదిహేను మీటర్ల పైన ఉంటుంది కాబట్టి కుళాయి లైన్‌లో 20 దాటింది, ఐస్ బాగా పడింది. గోడకి తగిలించే ఆర్‌వోలో ఉన్నది వట్టి ప్లాస్టిక్ డబ్బా. అది ఫ్రిజ్ కంటే మీటరు పైన ఉందనుకుందాం, లెక్క మీరే వేసుకోండి.

ముందు ఒక పని చేయండి. ఫ్రిజ్ తలుపు దగ్గర పావు లీటరు గ్లాసు పట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. పది, పన్నెండులో నిండాలి. తర్వాత ఫ్రిజ్ ఫిల్టర్ తీసేసి, దాని చోట నీళ్లని నేరుగా పోనిచ్చే బైపాస్ ప్లగ్ పెట్టి మళ్లీ చూడండి. అది కార్బన్ ఫిల్టర్, క్లోరిన్ వాసన తీస్తుంది కానీ టీడీఎస్ తగ్గించదు. ఆర్‌వో నీళ్లకి దాని అవసరం లేదు, ఉన్న ప్రెజర్ కూడా అదే తినేస్తుంది.

ఆ తర్వాత ఆర్‌వో డబ్బాకి, ఫ్రిజ్‌కి మధ్య ప్రెజర్ స్విచ్ ఉన్న (నీళ్లు వాడినప్పుడే తిరిగే) చిన్న బూస్టర్ పంపు, అంటే ఒత్తిడి పెంచే పంపు పెట్టించండి. డబ్బాలో నీళ్లు తగ్గితే పంపుని ఆపేసే ఫ్లోట్ స్విచ్ మాత్రం మర్చిపోవద్దు. నీళ్లు అయిపోయాక పంపు ఉత్తినే తిరిగితే కాలిపోతుంది.

అత్తయ్యగారికి చెప్పండి, ఆ తెల్ల పొట్టు నిజంగా సున్నమే, బోరు నీళ్లలోని కాల్షియం. నీళ్లు గడ్డకట్టేటప్పుడు లవణాల్ని మధ్యకి నెట్టేస్తాయి, ముక్క కరిగినా ఆ పొట్టు మళ్లీ కరగదు.

టెక్సాస్_గుంటూరు:

అన్న చెప్పింది కరెక్ట్. ఇక్కడ కుళాయి ప్రెజర్ బాగుంటుంది, మాకా బాధ లేదు. మా బాధ వాసన. గోంగూర పచ్చడి గిన్నె మూత లేకుండా రెండు రోజులుంటే నిమ్మరసంలో ఐస్ కూడా గోంగూరే! ఇండియా వచ్చేటప్పుడు ఐస్‌మేకర్ ఆపి, బిన్ ఖాళీ చేసి, వెనక నీళ్ల వాల్వ్ కట్టేసి వస్తాం. ఒకసారి మర్చిపోతే ఆరు వారాల పాత ఐస్ స్వాగతం పలికింది. మొదటి గుటక చల్లగా లేదని సర్వీస్‌కి ఫోన్ చేయకండి, అది తలుపు పైపులో నిలిచిన నీళ్లు. నేను చేశాను.

నిజాంపేట_కోడలు:

అన్నా, చేసి చూశాను. పావు లీటరుకి 41 సెకన్లు! బైపాస్ ప్లగ్ పెడితే 33. పంపు, ఫ్లోట్ స్విచ్, ప్లంబర్ కూలి అన్నీ కలిపి 3,800 అయింది. ఇప్పుడు 9 సెకన్లు. మొదట గాలి బుడగలతో ఫట్‌ఫట్‌మని చిమ్మింది. బిందెడు నీళ్లు వదిలాక సర్దుకుంది, వాటిని మొక్కలకి పోశాను. మొదటి రెండు విడతల ఐస్ పారేశాను. వంటింటి కాటా మీద పెడితే పాత ముక్క 7 గ్రాములు, కొత్తది 15.

అత్తయ్య నిన్న గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి, ఏమీ అనకుండా తాగేశారు.

ఒక్కటే మిగిలింది. గంటా గంటన్నరకోసారి ఐస్‌మేకర్ నీళ్లు తీసుకున్నప్పుడల్లా పంపు గుర్రుమంటోంది. రాత్రి రెండింటికి మావారు దొంగలనుకుని లేచారు. ఏం చేయాలి?

పాత_మెకానిక్:

పంపుని గోడకి బిగించారా? విప్పి, పాత హవాయి చెప్పు ముక్క కోసి మధ్యలో పెట్టి మళ్లీ బిగించమనండి. రాత్రి పడుకునే ముందు ఐస్‌మేకర్ ఆపేసినా పర్లేదు, పొద్దున్నే వేసుకోండి.