పగులున్న స్టీలు మీద చన్నీళ్లు పడితే ఫార్ములాతో కట్టిన స్ట్రెస్ ఒక్కటే సరిపోతుందా?

గాజువాక వర్క్‌షాప్:
మొన్నటి వానకి షెడ్డు రేకు కారి, 130 డిగ్రీల వేడిలో ఉన్న స్టీలు బ్లాకు మీద నీళ్లు పడ్డాయి. మందం 100 మిల్లీమీటర్లు. చల్లారాక డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి దూరి వాటిని బయటపెట్టే ఎర్రరంగు) కొట్టి చూస్తే తెల్లటి డెవలపర్ (ఆ రంగుని పైకి లాగే పొడి) మీద వెంట్రుకంత ఎర్రగీత, చూస్తుండగానే లావెక్కింది. పాతదో కొత్తదో తెలీదు, లోతు 5 మిల్లీమీటర్లు. మళ్లీ 30 డిగ్రీల నీళ్లు పడితే ఏమవుతుందని లెక్క కట్టా. స్టీలు బిగువు (ఎలాస్టిక్ మాడ్యులస్) 200 గిగాపాస్కల్, డిగ్రీకి పది లక్షల్లో 12 వంతుల వ్యాకోచం, పాయిజాన్ నిష్పత్తి (ఒకవైపు లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో) 0.3 వేస్తే పైపొరలో స్ట్రెస్ 343 మెగాపాస్కల్. అదే స్ట్రెస్ పగులు లోతంతా ఉందనుకుంటే కే విలువ (పగులు మొన మీద స్ట్రెస్ తీవ్రత) దాదాపు 48 మెగాపాస్కల్ రూట్ మీటర్. అన్నీ గరిష్ఠమే తీసుకున్నా కాబట్టి సేఫ్ సైడే కదా?

మద్దిలపాలెం:
మరీ ఎక్కువ వేశావు తమ్ముడూ. 343 రావాలంటే లోపల వేడి కదలకముందే పైపొర ఒక్కసారిగా నీళ్లంత చల్లబడాలి. ఫ్యాన్ గాలికైతే ఈ మందానికి బయో నంబర్ (లోపలి నుంచి వేడి రావడంతో పోలిస్తే పైపొర ఎంత జోరుగా చల్లబడుతుందో చెప్పే అంకె) 0.1 కూడా రాదు, నీళ్లకి 5 దాటొచ్చు. పైగా పైన టెన్షన్ (లాగుడు) ఉంటే లోపల కంప్రెషన్ (నొక్కుడు) ఉంటుంది, పగులు కాస్త పాకి ఆగిపోనూవచ్చు. ఇలా లెక్కేస్తూ పోతే అన్నీ స్క్రాపే.

పెదగంట్యాడ:
ఇద్దరూ కే దగ్గరే ఆగారు, నా భయమంతా టఫ్‌నెస్ (పగులు పాకకుండా స్టీలు తట్టుకోగల కే) గురించి. కే ఎంత ఎక్కువ వేసినా, దాన్ని వేడి స్టీలు టఫ్‌నెస్‌తో పోల్చి సేఫ్ అంటే ఒప్పుకోను. ఫెర్రిటిక్ స్టీలు (మామూలు కార్బన్ స్టీలు లాంటిది) చల్లబడేకొద్దీ పెళుసవుతుంది, లోతైన పగులుకి కే గరిష్ఠమయ్యేది పైపొర స్ట్రెస్ గరిష్ఠమైన కాసేపటికి, అప్పటికి పగులు మొన కూడా చల్లబడి ఉంటుంది. అణు రియాక్టర్ పాత్రలోకి చన్నీళ్లు దూసుకొచ్చే కేసులో అందుకే ప్రతి క్షణానికీ కే, మొన దగ్గరి టఫ్‌నెస్ రెండూ పక్కపక్కన గీసి చూస్తారు. నువ్వూ అదే చెయ్యి. లోతు వారీగా, సెకన్ల వారీగా ఉష్ణోగ్రత తియ్యి, పగులు లేదనుకుని స్ట్రెస్ కట్టు, దాన్ని వెయిట్ ఫంక్షన్‌తో (లోతు వారీ స్ట్రెస్ నుంచి కే తీసే సూత్రం) పగులుకి వర్తింపజెయ్యి. ఎక్సెల్‌లోనే అయిపోతుంది. ఆ చోట పాత వెల్డింగ్ ఉంటే దాని రెసిడ్యువల్ స్ట్రెస్ (వెల్డింగ్ తర్వాత లోపల మిగిలిపోయిన స్ట్రెస్) కలపడం మర్చిపోకు.

గాజువాక వర్క్‌షాప్:
వెల్డింగ్ ఉందండీ, సరిగ్గా ఆ గీత పక్కనే. మెటీరియల్ సర్టిఫికెట్‌లో చార్పీ విలువే (సుత్తి దెబ్బకి ముక్క ఎంత శక్తి తట్టుకుందో చెప్పే టెస్టు ఫలితం) లేదు. అంచు నుంచి ముక్క కోయించి టెస్టుకి పంపిస్తా, అప్పటిదాకా బ్లాకు పక్కనే. రేకు మాత్రం ఇవాళే మార్పిస్తున్నా.