సమస్యాపూరణం: "మండు వేసవిఁ జలిమంట కాచె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య పైన ఇచ్చిందే, ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాయాలి. సందర్భం కూడా నేనే ఇస్తున్నా: హిమాలయాల్లో తాతల నాటి ఇంటికి కుటుంబమంతా సెలవులకి చేరడం. మన 'కొండకోడలు' గారి అత్తవారిది ఉత్తరాఖండ్ కొండసీమ కుమావూన్‌లో ముక్తేశ్వర్ దగ్గర పల్లె. ఆవిడ చెప్పినవి కొన్ని. కాఠ్‌గోదాంతో రైలు పట్టాలు అయిపోతాయి, అక్కడిదాకా మే నెల ఎండ మాడుస్తుంది, భీమ్‌తాల్, భవాలీ దాటి రెండు వేల మీటర్ల పైకి ఎక్కాక రాత్రిపూట రజాయి (దూది దుప్పటి) లేందే నిద్ర పట్టదు. తాతని బూబు అంటారు, నాయనమ్మని ఆమా అంటారు. ఒక్క మాట, హిమాలయం కాబట్టి చలి అని ఊరుకుంటే పూరణ అయినట్టు కాదు, ఆ చలి నేనిచ్చిన సందర్భంలోనే ఉంది. మంట ఎవరు కాచారు, ఎందుకు కాచారు, అది చెప్పండి.

గోదారి గట్టు:
హిమగిరులకుఁ బోయి యింటి ముంగిట నిల్చి
చలికి వణికి వణికి శాలుఁ గప్పి
పట్నవాసి యొకఁడు పటపటఁ బండ్లతో
మండు వేసవిఁ జలిమంట కాచె

నిర్వాహకుడు:
గణాలూ, యతులూ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరం) సరిపోయాయి. కానీ పటపటా పళ్లు కొరికేది కోపం వస్తే, చలికి టకటకలాడతాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, మొదటి పాదంలో ఇల్లు తీసేసి హోటల్ పెట్టినా పద్యానికి పోయేదేమీ లేదు. ముంగిట అన్నారు సరే, ఎవరి ముంగిట?

గోదారి గట్టు:
పట్నంవాడికి వచ్చింది కోపమే సార్, కొండ మీద సిగ్నల్ లేదుగా.

ఛందోబద్ధుడు:
పలకరాళ్ల కప్పు పడమటి గాలికి
గలగలమనఁ బొయ్యిగట్టుఁ జేరి
బూబు కథలు చెప్ప బుజ్జిగాఁ డొడిలోన
మండు వేసవిఁ జలిమంట కాచె

కొండకోడలు:
మూడో పాదం మా ఇంట్లో కూర్చుని రాసినట్టుంది అన్నయ్యగారూ. మొదటిదానితోనే పేచీ. ఆ రాతి పలకల్ని అక్కడ పటాల్ అంటారు, అవి తమ బరువుకే కదలకుండా నిలుస్తాయి, గాలికి గలగలమనే సరుకు కాదు. మోగేది రేకు. ఈమధ్య చాలా ఇళ్లకి పలకలు తీసేసి రేకులు వేసేశారు, మా పక్కింటికీ అంతే, మే నెలలో వడగళ్లు పడ్డాయంటే ఆ చప్పుడుకి మాట వినపడదు, మామగారేమో ఆప్రికాట్, పీచ్ కాయలన్నీ రాలిపోయాయని మొత్తుకుంటుంటారు.

ఛందోబద్ధుడు:
అయితే మొదటి పాదం ఇలా: "వాలు రేకు పైన వడగళ్లు కురియంగ". యతి వా–వ. మిగతావి కదపక్కర్లేదు.

నిర్వాహకుడు:
ఇప్పుడు మంటకి కారణం కూడా దొరికింది. వడగళ్లు పడ్డ సాయంత్రం పొయ్యి దగ్గరికి చేరనివాడు ఎవడు!

కొత్తకలం:
మొదటి ప్రయత్నం, తిట్టకండి.
అడవి పండు కోసి యత్త తెచ్చి యిడఁగ
ఉప్పు కారమద్ది పిల్లలకిడి
తినుచు తినుచు వదిన తీరికగాఁ జేరి
మండు వేసవిఁ జలిమంట కాచె

నిర్వాహకుడు:
తిట్టేదేముంది, మూడు పాదాలు నిలబడ్డాయి. రెండో పాదంలో యతి పోయింది, 'ఉ'కి 'పి' చెల్లదు. "ఉప్పు కారమద్ది యొకటొకటిగ" అనండి, ఉ–ఒ కుదురుతుంది, పండు తినే తీరు కూడా వస్తుంది. అసలు లోపం అది కాదు. పండుకీ మంటకీ ముడి పడలేదు, మూడు పాదాలు ఒక కథ, నాలుగోది ఇంకో కథ.

కొండకోడలు:
ఆ పండు కాఫల్ కదూ? చిన్నగా, ఎర్రగా, పులుపూ తీపీ కలిసి ఉంటుంది, లోపలంతా గింజే. అది పండే రోజుల్లో ఒక కోకిల జాతి పిట్ట అరుస్తుంది, 'కాఫల్ పాకో' (కాఫల్ పండింది) అంటోందని అక్కడివాళ్లు చెప్తారు. ఉప్పు మాత్రం భలే పట్టుకున్నారు, మా అత్తగారు పచ్చిమిర్చితో నూరిన ఉప్పు వేసే ఇస్తారు. అయితే అది పగటిపూట ఎండలో కూర్చుని తినేది.

విరుపుల వీరుడు:
నాది వేరే దారి. సమస్యనే విరిచాను.
అడవి కింద నిప్పు లంటుకొన్నను గాని
బాంజు చెట్ల నీడ పచ్చగుండి
తాతలిల్లు చుట్టుఁ దడి యారకుండంగ
మండు వేసవిఁ జలి, మంట కాచె
చలి ఇంటిని మంట నుంచి కాపాడిందని భావం. కింద చీడ్ పైన్ అడవుల్లో ఎండు సూదులు వేసవిలో ఇట్టే అంటుకుంటాయి, పైనున్న బాంజ్ ఓక్ చెట్ల కింద నేల చెమ్మగా ఉంటుంది, ఊటలు కూడా అక్కడే బతికుంటాయి.

నిర్వాహకుడు:
ఊహకి వందకి వంద. భాషకి కోత తప్పదు. 'మంట కాచె' అంటే మంటనే కాపాడిందని అర్థం వస్తోంది, అంటే మీ చలి నిప్పు పెట్టినవాడి పక్షం చేరింది.

విరుపుల వీరుడు:
'నుంచి' అనే పంచమీ విభక్తిని పాఠకుడు ఊహించుకోవాలి!

ఛందోబద్ధుడు:
పాఠకుడు ఊహించుకోవాల్సింది భావాన్ని, విభక్తిని కాదు నాయనా.

కొండకోడలు:
ఇక నేనూ వేస్తున్నా.
ఏడు నిండ మూసి యెవరు లేని గదుల
చెమ్మ యార నత్త చితుకులిడఁగ
మేము కాదు, పాత మిద్దెయే మేల్కాంచి
మండు వేసవిఁ జలిమంట కాచె
కింద పశువులకి గోఠ్, పైన మనుషులకి గదులు, అన్నదమ్ముల ఇళ్లన్నీ ఒకే వరసలో అతుక్కుని ఉంటాయి, ఆ వరసని బాఖ్లీ అంటారు. ఇప్పుడు అందరూ హల్ద్వానీలోనో ఢిల్లీలోనో ఉంటున్నారు, సెలవులకి తప్ప తలుపు తీయరు. వెళ్లగానే అత్తగారు చేసే మొదటి పని వంట కాదు, గది గదికీ నిప్పు చూపించడం, జిగురు పట్టిన చీడ్ చెక్క ముక్కతో అంటిస్తే వెంటనే రాజుకుంటుంది, పొగకి మా పిల్లలు దగ్గుతూ బయటికి పారిపోతారు.

గోదారి గట్టు:
అయ్యబాబోయ్, చలి కాచుకుంది ఇల్లా! నేను మనుషుల దగ్గరే ఆగిపోయాను.

నిర్వాహకుడు:
ఈ వారానికి ఇదే మేలు పూరణ. చలి అన్న మాట మొదటి మూడు పాదాల్లో ఎక్కడా లేదు, చూశారా. 'ఏడు నిండ' బదులు 'ఏడు పొడుగు' అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి, గణానికి ఇబ్బంది లేదు. ఛందోబద్ధుడు గారు రేకు పాదంతో మొత్తం పద్యం మళ్లీ పెట్టాలి. కొత్తకలం గారూ, మంటని పగటి నుంచి రాత్రికి జరిపి ఇంకోటి రాయండి.

విరుపుల వీరుడు:
నా పంచమి సంగతి తేలేదాకా నేను ఇక్కడే కూర్చుంటాను.