ఈ వారం సమస్య: వెనుక దాగువాడె వీరుడగును

పద్యాలబండి (నిర్వాహకుడు):
మిత్రులారా, పోయినవారం ఆవకాయ మీద పూరణలు చదివి నోరూరి నిద్ర పట్టలేదు. ఈసారి కాస్త కొత్తగా వెళ్దాం. మనలో సగం మంది పద్యాలు రాస్తూనే పక్క ఫోన్‌లో ఏఎఫ్‌కే అరీనా ఆడుతున్నారని నాకు తెలుసు. నేనూ ఆ సగంలోనే ఉన్నాను. అందుకే సమస్య ఇది:

వెనుక దాగువాడె వీరుడగును

ఛందస్సు ఆటవెలది, ఇది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, నాలుగో గణం మొదటి అక్షరానికి.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. లిలిత్ గేమ్స్ వాళ్లు 2019లో తెచ్చిన ఆట ఇది. మన జట్టులో ఐదుగురు వీరులు. ముందు వరుసలో ఇద్దరు, వెనక ముగ్గురు. యుద్ధం వాళ్లంతట వాళ్లే చేసుకుంటారు. మన పనల్లా ఎవరిని ఎంచుకోవాలి, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, ఎవరిని పెంచాలి అన్నదే. ఆ మొదటి రోజుల తంటాలే ఈ వారం వస్తువు. వెనక దాక్కున్నవాడు వీరుడెలా అవుతాడో చెప్పండి.

ట్యాంకుబండ్:
మాస్టారూ, బోణీ నాదే.

ముందు లూసియస్సు మోయ దెబ్బలనెల్ల,
చాటునుండి శక్తి సంతరించి,
ఒక్కసారి యల్టి యుప్పెనగా వేయు
వెనుక దాగువాడె వీరుడగును.

పద్యాలబండి:
శుభారంభం. చా-సం యతి చక్కగా కుదిరింది. శక్తి నిండాక వీరుడు వేసే పెద్ద ఎత్తును "అల్టిమేట్" అంటారు. అలాగే రాస్తే గణాల్లో ఇరికేది కాదు, ఆడేవాళ్లంతా "అల్టి" అనే అంటారు కాబట్టి ఒప్పుకున్నాను. బస్ బస్సు అయినట్టే ఆటలోని లూసియస్ లూసియస్సు అయ్యాడు, దానికీ అభ్యంతరం లేదు.

లఘువుగాడు:
పద్యం బాగుంది అన్నా, ఆటే కొంచెం తప్పింది. శక్తి వెనక దాక్కున్నవాడికే నిండుతుందన్నట్టు రాశారు. కొడితే నిండుతుంది నిజమే, దెబ్బ తిన్నా నిండుతుంది. అందుకే చాలాసార్లు ముందు నిలబడి దెబ్బలు కాసే ట్యాంకు అల్టియే మొదట వచ్చేస్తుంది. పైగా లూసియస్ ఊరికే దెబ్బలు మోసే మనిషి కాదు, పక్కవాళ్లకు కవచం వేస్తాడు. మీరు ఆయన్ని కూలీని చేసేశారు.

ట్యాంకుబండ్:
ఐదు గణాల్లో కవచం ఎక్కడ పెట్టను తమ్ముడూ! పేరులోనే ట్యాంకు పెట్టుకున్నవాడిని, ట్యాంకును తక్కువ చేస్తానా?

కొత్తబిచ్చగాడు:
అందరికీ నమస్కారం. నాకిది మొదటి పద్యం. మూడు రోజులు కాగితం మీద గీతలు గీసుకుంటూ కూర్చున్నాను. మా ఆవిడ కరెంటు బిల్లు లెక్క చూస్తున్నాననుకుంది. తప్పులుంటే చెప్పండి, తిట్టకండి.

జాతి యొకటె యైన సైన్యమైదుగురికి
నూటికి పాతిక బలము పెరుగు
ఆ బలమ్మునంత నందుకొనుచు గొట్టు
వెనుక దాగువాడె వీరుడగును.

పద్యాలబండి:
మొదటి పద్యమంటే నమ్మలేను. జా-సై యతి వేశారు చూడండి, అక్కడే సంబరపడ్డాను. జ, స మైత్రి ఒకటి, ఆ-ఐ మైత్రి ఇంకొకటి. ఏళ్ల తరబడి రాసేవాళ్లు కూడా అక్కడ తడబడతారు.

రెండో పాదం మాత్రం కుంటింది. "నూటి" గురువు, లఘువు, సరే. తర్వాత "కి పా". లఘువు, వెంటనే గురువు. సూర్యగణం లఘువుతో మొదలైతే మూడూ లఘువులే కావాలి. కాబట్టి గణభంగం. అది సరిచేసుకున్నాక యతీ చూసుకోవాలి. నా సవరణ:

నాలుగింట నొకటి నయము కలుగు

నాలుగింట ఒక వంతు అంటే నూటికి 25. మీ లెక్క చెడలేదు, పాదమూ నిలబడింది. మిగతా మూడు పాదాలు ముట్టుకోను.

లఘువుగాడు:
లెక్క సరే. కానీ ఆట మొదలుపెట్టినవాడికి ఒకే జాతిలో, అంటే ఆటలో ఒకే వర్గంలో, పనికొచ్చే ఐదుగురు ఎక్కడ దొరుకుతారు? ముగ్గురు ఒక వర్గమైతే దాడికీ ప్రాణానికీ 10 శాతం. ఆ ముగ్గురికి తోడు మిగతా ఇద్దరూ ఇంకో వర్గమైతే 15. నలుగురైతే 20. ఐదుగురికే మీరన్న 25. మొదట్లో అందరం బతికేది 3+2 మీదే. ఆ 25 కోసం పనికిరానివాడిని జట్టులో కూర్చోబెడితే పెళ్లికి బంతి నిండాలని దారినపోయేవాళ్లను పిలిచినట్టుంటుంది.

కొత్తబిచ్చగాడు:
నేను చేసింది అదే అన్నా. ఐదుగురూ లైట్‌బేరర్ల వర్గంవాళ్లే కావాలని ఎవరు దొరికితే వాళ్లను వేశాను. ఎదురుగా గ్రేవ్‌బోర్న్ వర్గం జట్టు వచ్చింది. ఊడ్చి పారేసింది.

ట్యాంకుబండ్:
ఊడ్చదా మరి! గ్రేవ్‌బోర్న్ వాళ్లు లైట్‌బేరర్ల మీద 25 శాతం ఎక్కువ కొడతారు. లైట్‌బేరర్లు మాలర్ల మీద, మాలర్లు వైల్డర్ల మీద, వైల్డర్లు గ్రేవ్‌బోర్న్ మీద. ఇది పిల్లి ఎలుకను, కుక్క పిల్లిని తరిమే ఆటలాంటిదే. యుద్ధానికి ముందే ఎదుటి జట్టు కనిపిస్తుంది కదా, ఒక్క క్షణం ఆగి చూసుకోవాలి. సరే, ముందు వరుసలో ఎవరున్నారు?

కొత్తబిచ్చగాడు:
మిరేల్, ఇంకో అమ్మాయి. హోగన్‌ను వెనక పెట్టాను. పెద్దాయనలా కనిపించాడు, దెబ్బలు తగలకుండా ఉంటాడని.

ట్యాంకుబండ్:
ఓరి నాయనా.

డల్లాస్ అత్త:
ఆ పిల్లాడిని ఏమీ అనకండి. పెద్దవాళ్ల మీద గౌరవం ఉంది, అది చాలు. బాబూ, హోగన్ ట్యాంకు, ఆయన్ను ముందుకు తే. మిరేల్ మంత్రగత్తె, ఒంట్లో బలముండదు, వెనక్కి పంపు. ఇక నా పూరణ. ఇక్కడ రాత్రి పదకొండు దాటింది, వంటిల్లు సర్ది రాశాను. అందరూ కొట్టేవాళ్ల గురించే రాస్తున్నారు. నయం చేసేవాళ్ల గురించి ఎవరూ రాయరేం?

గాయపడిన వారి గండాలు తీర్చుచు
కత్తి పట్టకుండ కాచుచుండి
పేరు ప్రతిఫలమ్ము కోరనే కోరని
వెనుక దాగువాడె వీరుడగును.

కొత్తబిచ్చగాడు:
అత్తయ్యా, క్షమించండి, నేను చెప్పడం చిన్న నోటికి పెద్ద మాటే. మూడో పాదంలో పే-కో యతి కుదరలేదు కదా?

పద్యాలబండి:
శభాష్, చూస్తున్నారన్నమాట. అక్కడ యతి లేదు, ప్రాసయతి ఉంది. పేరు, కోర. మొదటి గణంలో రెండో అక్షరం ర, నాలుగో గణంలోనూ రెండో అక్షరం ర. వాటికి ముందున్నవి రెండూ గురువులే. ఆటవెలది, తేటగీతి, సీసాల్లో యతికి బదులు ఇది చెల్లుతుంది. కందంలో, వృత్తాల్లో చెల్లదు. ఒకే వారంలో గణభంగం నుంచి ప్రాసయతి దాకా వచ్చేశారు.

పద్యం గురించి ఇంకో మాట. యుద్ధం అయ్యాక ఎవరెంత కొట్టారో చూపే పట్టీలో నయం చేసే రోవన్‌లాంటివాళ్లు అట్టడుగున ఉంటారు. అది చూసి తీసేస్తాం. తర్వాతి మెట్టులో ఎందుకు చస్తున్నామో అర్థం కాదు. ఆయన విసిరే మందుసీసాలు ప్రాణమూ పోస్తాయి, శక్తీ నింపుతాయి. "కత్తి పట్టకుండ" అన్న మాట నాకు బాగా తగిలింది.

లఘువుగాడు:
నేను క్రమాలంకారంలో వెళ్తాను. ఆట మాటే లేదని గొడవ చేయకండి, ఉంది.

ఎవడు చావడయ్య యెదురుదాడులలోన?
నిలిచి ముందు పోరి నెగ్గువాడు
ఏమి యగును తుదకు? ఎఱిగి చెప్పెదనన్న!
వెనుక దాగువాడె, వీరుడగును.

పద్యాలబండి:
సమస్యను నడిమికి విరిచి రెండు ప్రశ్నలకూ చెరో ముక్క పెట్టాడు. పాత అవధానుల ఎత్తే. "తుదకు? ఎఱిగి" దగ్గర సంధి కలపలేదని, విసంధి అనేవాళ్లుంటారు, ప్రశ్న అక్కడ ముగిసింది కాబట్టి నేను పట్టించుకోను. నన్ను ఇబ్బంది పెట్టింది "చావడయ్య". వెనకున్నవాడు చావడని ఎవరన్నారు? కొందరు శత్రువులు గంట కొట్టగానే ముందు వరుసను దాటి నేరుగా వెనక్కి దూకుతారు. అప్పుడు మన దాగుడుమూతలు రెండు క్షణాల్లో ముగుస్తాయి.

లఘువుగాడు:
మాస్టారూ, అలాంటివాడు ఎదురైతే వెనక వరుసలోనే స్థానాలు అటూ ఇటూ మార్చి చూస్తాను. వాడు దూకే చోట గట్టివాడుంటే చాలు. పద్యంలో అదంతా చెబితే సీసం రాయాలి.

గోదారిగట్టు:
నేను ఆట ఆడను. మనవడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తాను. రేడియోలో సమస్యాపూరణం వినడానికి ఉదయాన్నే కాఫీ గ్లాసుతో కూర్చున్న తరం మాది. సమస్య చూడగానే నాకు తోచింది వేరు.

భీష్ము నెదుట నిల్వ భీతిల్లి రెల్లరు
క్రీడి యమ్ము విడిచె గెలుపు కొఱకు
ఆటలోన నేడు నదియె నీతి, శిఖండి
వెనుక దాగువాడె వీరుడగును.

ట్యాంకుబండ్:
పెద్దాయనా, దండం. "శిఖండి" మూడో పాదం చివర ఆగి నాలుగో పాదంలోకి దూకడం చూస్తుంటే ఒళ్లు ఝల్లుమంది.

లఘువుగాడు:
నాకూ నచ్చింది బాబాయ్ గారూ. ఒక్క సందేహం. శిఖండిని ట్యాంకు అనొచ్చా? ట్యాంకు దెబ్బ తింటాడు. శిఖండి మీద భీష్ముడు బాణమే వేయడు కదా. అలాంటి వీరుడు మన ఆటలో ఉంటే ఇప్పటికి అందరం చివరి అధ్యాయంలో ఉండేవాళ్లం.

గోదారిగట్టు:
నిజమే నాయనా. మా మనవడూ అదే అన్నాడు, "తాతయ్యా, వాడు బగ్" అని. శిఖండికి దగ్గరవాడు ఎవరని అడిగితే బ్రూటస్‌ను చూపించాడు. ప్రాణం పోయేవేళ కాసేపు చావకుండా నిలుస్తాడట. వాడి మీద ఇది, అక్కడికక్కడే చెప్పాను:

చావు దరికి రాగ సైచి కొన్నియు లిప్త
లాగి పోరునట్టి యడవిమల్లు
డతడు బ్రూటసు గద? ఆయన వీపుకు
వెనుక దాగువాడె వీరుడగును.

పద్యాలబండి:
రెండు చోట్ల మాట పాదం దాటి పారింది, ధారలో చెప్పినట్టే ఉంది. "కొన్నియు" ఒక్కటి పూరణ కోసం వచ్చిన పదం. ఆశువుగా చెప్పారు, వదిలేద్దాం.

డల్లాస్ అత్త:
ఇంతసేపటి నుంచి చూస్తున్నాను. వాడె, వీరుడు, మల్లుడు, అన్నీ మగవాళ్లే. మొదటి నెలల్లో మీ అందరినీ గట్టెక్కించింది ఎవరు? షెమీరా. ఆ తర్వాత మీరు ఎగబడి పెంచింది? బెలిండా. ఇద్దరూ ఆడవాళ్లే. సమస్య ఇచ్చినాయన కాస్త ఆలోచించాల్సింది.

పద్యాలబండి:
తప్పు నాదే అత్తయ్యా. పాదం మారుస్తున్నాను: "వెనుక దాగునదియె వీరవనిత". ఐదు సూర్యగణాలూ ఉన్నాయి, వె-వీ యతీ అలాగే ఉంది. పూరించండి.

డల్లాస్ అత్త:
పది నిమిషాలు.

ప్రాణమెల్ల పీల్చి పదునెక్కు షెమిరమ్మ
నెదుట నిలుపబోకు డెవ్వరైన
మువ్వురున్న చోట మూల నిల్పిన చాలు
వెనుక దాగునదియె వీరవనిత.

ట్యాంకుబండ్:
"షెమిరమ్మ"! ఇక నుంచి నేను అలాగే పిలుస్తాను. ఆదివారం బోనం కూడా ఎత్తుతాను.

పద్యాలబండి:
ఈ వారం పూలదండ ఈ పద్యానికే. శత్రువుల ప్రాణం లాగి తాను కోలుకోవడం ఆమె అల్టి పని, అది "పీల్చి పదునెక్కు"లో మొత్తం వచ్చేసింది. "మువ్వురున్న చోట మూల" అంటే వెనక వరుస అని వేరే చెప్పక్కర్లేదు.

ఆనవాయితీ ప్రకారం నాదీ ఒకటి. మొదటి నెలలో నేను చేసిన తప్పు ఇందులో ఉంది. ఎవరు దొరికితే వాళ్లకు పది, ఇరవై లెవెల్స్ పంచుకుంటూ పోయాను. సంక్రాంతికి ఊరంతా అరిసెలు పంచి ఇంట్లో పిల్లలకు లేకుండా చేసుకున్నట్టయింది. తర్వాత ఒక్కొక్కరికి 20 వజ్రాలు కట్టి లెవెల్స్ వెనక్కి తీసుకున్నాను.

పెట్టుబడుల నొకడి పేరిటే పెట్టుము,
మందకెల్ల పంచ మట్టిపాలు;
నలుగురతని కొఱకు నలుదిక్కులను గావ
వెనుక దాగువాడె వీరుడగును.

లఘువుగాడు:
యతులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. కానీ మాస్టారూ, ఆటలో లెవెల్స్ పంచే రెజొనేటింగ్ క్రిస్టల్ వచ్చాక ఈ పద్యం నమ్మినవాడు మునుగుతాడు. లెవెల్స్‌లో పైనున్న ఐదుగురిలో అందరికంటే తక్కువ లెవెల్ ఎవరిదో, క్రిస్టల్‌లో పెట్టిన మిగతావాళ్లందరికీ అదే లెవెల్. ఒక్కడినే ఆకాశానికెత్తి నలుగురిని నేల మీద వదిలేస్తే మిగతా జట్టంతా నేల మీదే ఉంటుంది.

పద్యాలబండి:
అది వచ్చేలోపు కోసం రాశాను తమ్ముడూ. అయినా నువ్వన్నది నిజం. ఎవరైనా సవరించండి.

ట్యాంకుబండ్:
ఇదిగో: "పెట్టుబడుల నైదు పేర్లకే పెట్టుము". పె-పే యతి చెడలేదు. "మందకెల్ల పంచ" ఇంకా బాగా అతికింది.

పద్యాలబండి:
నా పద్యం కంటే నీ సవరణే బాగుంది. దిద్దేశాను.

కొత్తబిచ్చగాడు:
అందరికీ ధన్యవాదాలు. అత్తయ్య చెప్పినట్టు హోగన్‌ను ముందుకు తెచ్చాను, మిరేల్‌ను వెనక్కి పంపాను. ముగ్గురు లైట్‌బేరర్లను ఉంచి, ఇద్దరు వైల్డర్లను కలిపాను. నాలుగు రోజులుగా ఆగిపోయిన మెట్టు రెండో ప్రయత్నంలో దాటాను. ఆ సంతోషంలో ఒక పాదం వచ్చింది, పద్యం ఇంకా కాలేదు:

హోగనన్న ముందు కొచ్చినాడు

పద్యాలబండి:
ఐదు సూర్యగణాలూ లెక్కకు సరిపోయాయి. యతి ఏది తమ్ముడూ?