డిజైన్ కన్సల్టింగ్ చేస్తూ సొంత కళను ఎలా నిలబెట్టుకుంటున్నారు?

బొమ్మలకథ:
డిజైన్ కన్సల్టింగ్‌లో ఉన్నాను. పనంటే ఇష్టమే. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇలాంటి ప్రశ్న అడగ్గానే ఉద్యోగం మానెయ్యమంటారు, ఆ సలహా నాకొద్దు. బయట కామిక్స్ వేస్తాను. పగలంతా క్లయింట్ మీటింగులు, ప్రెజెంటేషన్లు, రివిజన్లు అయ్యాక సాయంత్రం టైమ్ దొరికినా పెన్సిల్ పట్టుకుంటే ఒక్క గీత కూడా తోచదు. డెడ్‌లైన్ దగ్గరపడితే ఇక చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి రెండూ నడుపుతున్నవాళ్లు, మీకు నిజంగా పనికొచ్చింది ఏంటో చెప్పండి. తెల్లవారుజామున లేవమని మాత్రం అనొద్దు, ప్లీజ్.

లినో_పలక:
టైమ్ ఉండి కూడా చెయ్యి ఆడటం లేదంటే అలిసిపోయింది చెయ్యి కాదండి. ఏ రంగు, ఏ లేఅవుట్, క్లయింట్ కాదంటే ఏం చెప్పాలి అని పొద్దుట్నుంచీ తేల్చుకుంటూనే ఉంటాం, సాయంత్రానికి ఇంకో విషయం తేల్చే ఓపిక ఉండదు. నేను లినోకట్ ప్రింట్లు చేస్తాను, అంటే లినోలియం పలక మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి కాగితం మీద అచ్చు వేయడం. బొమ్మ ఆలోచించడం, దాన్ని తిరగేసి పలక మీదికి ఎక్కించడం సెలవురోజు పని. వారం మధ్యలో చెక్కడమే, ఆలోచన ఏమీ ఉండదు. లినో చల్లబడి గట్టిగా ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెడతాను, అప్పుడు ఉలి ముందు సన్నటి పొర చుట్టలు చుట్టుకుంటూ మెత్తగా లేస్తుంది. అచ్చు వేసేటప్పుడు రోలర్ కింద ఇంకు సరిగ్గా పరుచుకుంటే సన్నగా చిటపటమంటుంది, ఆ చప్పుడు బట్టే ఇంకు ఎక్కువైందో తక్కువైందో తెలిసిపోతుంది. పగలంతా స్క్రీన్ చూసిన కళ్లకు అది ఎంత హాయో మాటల్లో చెప్పలేను. సగం చెక్కిన పలక నెల రోజులు పక్కన పడున్నా పాడవదు, ప్రాజెక్ట్ ఎప్పుడు మీద పడుతుందో తెలియని మనకు అది చాలా ముఖ్యం.

మీ కామిక్స్‌కీ ఇలా విడగొట్టొచ్చు. కథ, పేజీ లేఅవుట్, పెన్సిల్ సెలవురోజుల్లో. ఇంకింగ్ (పెన్సిల్ గీతల మీద ఇంకుతో దిద్దడం), నల్లరంగు నింపడం, గళ్ల గీతలు మామూలు రోజుల్లో.

మట్టిచేతులు:
పై పోస్టుతో పూర్తిగా ఏకీభవిస్తున్నా, కానీ నాది ఆగని కళ. కుండ చక్రం మీంచి దించాక, వేలితో నొక్కితే సొట్టపడనంత గట్టిగా, గోటితో గీస్తే గీత పడేంత మెత్తగా ఉండే దశ ఒకటుంటుంది, అడుగు చెక్కాల్సింది అప్పుడే. అది దాటి పూర్తిగా ఆరిపోతే చెక్కబోయినప్పుడు పగిలే ప్రమాదం ఎక్కువ. క్లయింట్ మీటింగ్ ఇంకో గంట సాగితే మట్టి మన కోసం ఆగదు కదా. దీనికి ఒక ఉపాయం ఉంది. మూతున్న ప్లాస్టిక్ డబ్బా అడుగున ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక తడిపి ఉంచి, కుండల్ని అందులో పెట్టి మూత వేస్తే వారాల తరబడి తడి ఆరదు. దాని వల్లే నేను ఇన్నేళ్లు రెండూ చేయగలుగుతున్నాను.

తెరముందు:
నాది నాటకం. ఒక్కడినే చేసే పని అయితే ఆఫీసు ఎప్పుడూ దాన్ని మింగేస్తుంది. "ఈ సాయంత్రం బొమ్మ వేసుకుంటా" అంటే ఎవరూ పట్టించుకోరు, మనమే వాయిదా వేసేస్తాం. "రిహార్సల్ ఉంది, అందరూ నా కోసం ఎదురుచూస్తుంటారు" అంటే మాత్రం మేనేజర్ కూడా కాదనరు. ఒంటరిగా చేసే కళ అయినా తోడుగా కూర్చుని గీసేవాళ్లను ఒకరిద్దరిని వెతుక్కోండి, వీడియో కాల్‌లో అయినా సరే.

సొంతలెక్క:
సంస్థలో చాలాకాలం చేసి ఇప్పుడు స్వతంత్రంగా కన్సల్టింగ్ చేస్తున్నాను. ఎవరూ చెప్పని విషయం ఒకటి చెప్తా, మీ ఉద్యోగ ఒప్పందం తీసి మేధో హక్కుల క్లాజ్ చదవండి. "ఉద్యోగ విధుల్లో భాగంగా చేసినవి సంస్థవి" అని ఉంటే సరే. "ఉద్యోగంలో ఉన్న కాలంలో చేసినవన్నీ" అని ఉంటే మీ కామిక్స్ మీద కూడా పేచీ రావచ్చు. సంతకానికి ముందే అయితే మార్చమని అడగండి, ఇప్పటికే చేసిన సొంత పనుల జాబితాను అనుబంధంగా చేర్పించండి. ఇప్పటికే చేరిపోయి ఉంటే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఆఫీసు లాప్‌టాప్‌లో, ఆఫీసు కొన్న ఫాంట్లతో సొంత పని అస్సలు వద్దు, ఆ ఫాంట్ లైసెన్స్ ఉన్నది సంస్థకు, మీకు కాదు.

స్వతంత్రంగా చేసేవాళ్లు ఎన్ని రౌండ్ల రివిజన్లో కొటేషన్‌లోనే రాయండి. నా కళకు దొరికిన సాయంత్రాల్లో సగం ఆ ఒక్క లైన్ వల్లే మిగిలాయి.

రంగులపెట్టె:
నాదో విన్నపం, దయచేసి అమ్మకానికి తొందరపడకండి. నా ఇలస్ట్రేషన్లకు ఆర్డర్లు మొదలయ్యాక మళ్లీ అవే బ్రీఫులు, అవే రివిజన్లు, పగలు చేసే పనే రాత్రీ. ఇప్పుడు ఏడాదికి కొన్ని బొమ్మలు కేవలం నా కోసం వేసుకుంటున్నా, ఎవరికీ చూపించను.

లినో_పలక:
నా అనుభవం వేరండి. చేసేసిన ప్రింట్లు అమ్ముతాను, అడిగింది చెక్కివ్వను. ఆ గీత దాటనంత కాలం అమ్మకం నా పనికి బలమే ఇచ్చింది.

సెలవుసంవత్సరం:
గ్రాఫిక్ డిజైనర్ స్టెఫాన్ సాగ్‌మైస్టర్ న్యూయార్క్‌లోని తన స్టూడియోను ఏడేళ్లకోసారి ఏడాది పాటు మూసేసేవారు. 2009లో టెడ్ వేదిక మీద దాని గురించి చెప్పారు. నాకు పనికొచ్చింది అందులో చిన్న విషయం. మొదటిసారి ఏ ప్లానూ లేకుండా మొదలుపెడితే చిన్నాచితకా పనులే ఆ ఖాళీని నింపేశాయట, తర్వాత బడిలో లాగా టైమ్‌టేబుల్ వేసుకున్నారట. సొంత స్టూడియో ఉన్నవాళ్ల మాట అది, మనకు ఏడాది ఎవరిస్తారంటారా? నిజమే. కానీ రెండు ప్రాజెక్టుల మధ్య వారం దొరికినా ఆ సూత్రం పనిచేస్తుంది.

ఇంకొకటి. పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో రాసిన పత్రంలో, సగంలో వదిలేసిన పని తాలూకు ఆలోచన తర్వాతి పనిలోకి కూడా వెంట వస్తుందని చూపించారు. పని ఆపేముందు ఎక్కడ ఆపానో, మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో రాసుకుంటే ఆ బరువు తగ్గుతుందని 2018లో ఇంకొకరితో కలిసి చేసిన పరిశోధనలో తేలింది. ఆఫీసు వదిలేముందు నేను రాసుకునేది మూడే లైన్లు, ఇంటికొచ్చాక క్లయింట్ గొంతు చెవిలో మోగడం చాలావరకు తగ్గింది.

బొమ్మలకథ:
అందరికీ థాంక్స్, నిజంగా. పెన్సిల్, ఇంకింగ్ వేరు చెయ్యడం ఈ వారమే మొదలుపెడతా. ఒప్పందం తీసి చూశాను, "ఉద్యోగ కాలంలో" అనే ఉంది. @సొంతలెక్క గారూ, ఆ మెయిల్‌లో ఇప్పటివరకు వేసిన పేజీల వివరాలు కూడా ఇవ్వాలా?

సొంతలెక్క:
పేజీలు పంపక్కర్లేదు. కామిక్ పేరు, ఎప్పుడు మొదలుపెట్టారో, సొంత సమయంలో సొంత పరికరాలతో చేశారన్న మాట, ముందుముందు వేయబోయే భాగాలకూ ఇదే వర్తిస్తుందన్న వాక్యం, ఇవి చాలు. జవాబు మెయిల్‌లోనే తీసుకోండి, నోటిమాటగా సరే అంటే ఒప్పుకోకండి. ఆ జవాబు కాపీ మీ సొంత మెయిల్‌లో దాచుకోవచ్చా అని కూడా అందులోనే అడిగేయండి.