మేత్రాణులు: ఈ ‘ణ’ ఎక్కడిది?

అరసున్న: హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ చర్చిని మా పెద్దవాళ్లు ‘అర్చ్యశిష్ట జోజప్ప మేత్రా... దేవాలయం’ అనేవారు, అంటే సెయింట్ జోసెఫ్ గుడి. ఆ మధ్య ముక్క గుర్తు రాక చంపేస్తోంది. మేత్రాసనమా, మేత్రాణులా?

పాతపుస్తకం: మేత్రాసన దేవాలయం. మేత్రాణులంటే బిషప్పు, మేత్రాసనం ఆయన పీఠం. కతీడ్రల్ అన్నా ఆ కుర్చీ ఉన్న గుడే.

గుణసంధి: మేత + ఆసనం అని నా అనుమానం. మందకు మేత చూపించే కాపరి కదా!

పాతపుస్తకం: మరి ఆ క్రావడి ఎక్కడ మేసి వచ్చిందండీ? తమిళంలో మేట్రిరాణియార్, మేట్రిరాసనం, మలయాళంలో మెత్రాన్. వెనక సిరియాక్ భాష, దాని వెనక గ్రీకు.

గుణసంధి: మలయాళంలో ‘న’ ఉంటే మనకు ‘ణ’ ఎందుకు? రేఫ పక్కన ణత్వం వచ్చిందంటాను, అంటే సంస్కృతంలోలా ‘ర’ ప్రభావంతో ‘న’ కాస్తా ‘ణ’ అయింది.

పాతపుస్తకం: గ్రీకు మాటకు పాణిని సూత్రమా మాస్టారూ! తమిళం దారిన వచ్చింది, అక్కడి ‘ణ’ వెంట తెచ్చుకుంది.

తోప్‌కాసాంచా: నా పేరు చూశారుగా, అది ఆ పేటకు పాత పేరు. ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోయించిన చోటు. సరే, అసలు సంగతి. గుడికి 1870లో పునాది వేశారు, 1875 క్రిస్మస్‌కు తెరిచారు. హైదరాబాద్ మేత్రాసనం ఏర్పడింది 1886లో. అంటే కట్టినప్పుడు అది ఉత్త జోజప్ప గుడే, ‘మేత్రాసన’ తర్వాత తగిలించిందే.

అరసున్న: ఆ రెండు గంటల బురుజుల్ని గోపురాలు అనవచ్చా?

తోప్‌కాసాంచా: నిక్షేపంగా. మన గోపురం ఉండేది గర్భగుడి మీద కాదు, వాకిట్లో. ఇక్కడా అంతే, తలవాకిలికి అటొకటి ఇటొకటి. గంటలు ఇటలీ నుంచి వచ్చాయి. లోపల పియెటా నకలు చూశారా? తల్లి ఒడిలో క్రీస్తు.

పాతపుస్తకం: క్రీస్తు అంటే మంగళగిరి ఆనందకవి గుర్తొస్తాడు. పద్దెనిమిదో శతాబ్దంలోనే ‘వేదాంత రసాయనం’ అని క్రీస్తు కథను ప్రబంధంగా కట్టాడు. అందరూ జాషువా దగ్గరే ఆగిపోతారు.

గుణసంధి: ఆగకేం చేస్తారు? ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో అకాడెమీ బహుమతి వచ్చింది. మీ ఆనందకవి పద్యం ఒక్కటి ఎవరికైనా కంఠతా వచ్చా?

పాతపుస్తకం: మీకు రాకపోతే కవి తప్పా?

అరసున్న: అయ్యా, మేత్రాణులు అన్నప్పుడు ‘ణ’నా ‘న’నా? ఫొటో కింద ఆ మాట రాయాలి.

గుణసంధి: ‘న’ రాయండి.

పాతపుస్తకం: రాశారో, నేను ఈ గ్రూపులో ఉండను.